ఐదుసార్లు షిఫ్ట్ నొక్కితే

పోయిన సంచిక పేజీలు పెడుతున్న రాత్రి సంగతి ఇది. మన క్లబ్ గదిలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అందరికీ ఒకటే లాగిన్. నేను ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే బాపతు. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. అంటే నాలుగు తెలుగు మాటలు రాయాలంటే చిటికెన వేలు షిఫ్ట్ మీద కాపురం పెట్టాల్సిందే. ఎవరిదో కవితలో పెళ్లి అనే మాట వచ్చింది. ళ కింద ల వత్తు పెట్టాలా, ళ వత్తు పెట్టాలా అని ఆలోచిస్తూ ఉంటే నా వేలు ఊరుకోకుండా షిఫ్ట్ మీద టకటకలాడింది. అంతే. కీచుమని ఓ శబ్దం, తెర మధ్యలో ఓ డబ్బా. స్టిక్కీ కీస్ ఆన్ చేయమంటారా అని అడుగుతోంది.

వద్దన్నా. పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది. మళ్లీ వద్దన్నా. మూడోసారి చిరాకులో ఏదో నొక్కేస్తే అది కాస్తా ఆన్ అయి కూర్చుంది. ఇక షిఫ్ట్ తాకిన ప్రతిసారీ కుయ్యిమనడం మొదలెట్టింది. హాస్టల్లో గేమ్స్ ఆడేవాళ్లకి ఈ బాధ నేను వేరే చెప్పక్కర్లేదు. పరుగెత్తాల్సిన టైముకి షిఫ్ట్ నాలుగుసార్లు ఎక్కువ నొక్కితే ఆట ఆగిపోయి డబ్బా ప్రత్యక్షం అవుతుంది. ఈలోపు మనవాడు చచ్చిపోతాడు.

ఆ రాత్రి సెట్టింగ్స్‌లోకి పోయి, స్టిక్కీ కీస్ అని కనిపించిన ప్రతి టిక్కూ పీకేశా. ఏదో ఘనకార్యం చేసినట్టు గ్రూపులో మెసేజ్ కూడా పెట్టా. మర్నాడు ఏం జరిగిందో చివర్లో చెప్తా. ముందు, అసలు ఈ షిఫ్ట్ గోల ఎక్కడ మొదలైందో కనుక్కుని ఆ మహానుభావుణ్ణి నాలుగు తిట్టాలని వెతికితే దొరికిన మనిషి గురించి చెప్పాలి. తిట్టాలని వెళ్లినవాణ్ణి ఆయన కథ చదువుతూ కూర్చుండిపోయా.

ఆయన పేరు క్రిస్టఫర్ లేథమ్ షోల్స్. 1819 ఫిబ్రవరి 14న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మూర్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కుర్రతనంలోనే ఓ ప్రింటింగ్ ప్రెస్సులో పని నేర్చుకోవడానికి చేరాడు. అప్పట్లో అచ్చు పనంటే ఒక్కో సీసపు అక్షరాన్నీ చేత్తో ఏరి, వరసలో పేర్చి, సిరా పూసి, కాగితం అద్దడం. పెద్ద అక్షరాలు పై పెట్టెలో, చిన్న అక్షరాలు కింది పెట్టెలో ఉండేవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు అక్కణ్ణుంచి వచ్చినవే. షిఫ్ట్ నొక్కినప్పుడల్లా మనం చేస్తున్నది ఒకప్పటి కంపోజిటర్ కింది పెట్టె వదిలి పై పెట్టెలోకి చెయ్యి పెట్టిన పనే అన్నమాట.

పద్దెనిమిదేళ్ల వయసులో, 1837లో, షోల్స్ విస్కాన్సిన్ ప్రాంతానికి వలస వెళ్లాడు. అప్పటికి అది ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. అన్న నడిపే పత్రికలో కొన్నాళ్లు పనిచేసి, తర్వాత మిచిగన్ సరస్సు ఒడ్డున ఇప్పుడు కెనోషా అని పిలిచే ఊళ్లో సొంతంగా పత్రిక నడిపాడు. 1848లో విస్కాన్సిన్ రాష్ట్రం ఏర్పడ్డాక చట్టసభలోకీ వెళ్లాడు. చట్టసభ కూర్చునేది మాడిసన్ నగరంలో. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

టైప్‌రైటర్ కథలు చెప్పేవాళ్లు సాధారణంగా వదిలేసే సంగతి ఒకటుంది. 1851 ఆగస్టులో కెనోషాలో ఒక మనిషిని బహిరంగంగా ఉరితీశారు. భార్యను చంపిన నేరం. చూడ్డానికి వేలమంది తిరునాళ్లకొచ్చినట్టు వచ్చారు. ఉరి వేసినా ఆ మనిషి ప్రాణం వెంటనే పోలేదు, చాలాసేపు కొట్టుకున్నాడు. ఆ ఊళ్లో పత్రిక నడుపుతున్న షోల్స్ ఆ తర్వాత మరణశిక్ష మీద కలం పట్టాడు. పత్రికలో రాశాడు, చట్టసభలో పోరాడాడు. 1853లో విస్కాన్సిన్ మరణశిక్షను రద్దు చేసింది. ఆ రాష్ట్రం తన చట్టం కింద తీసిన ఉరి ఆ ఒక్కటే, ఈ రోజుకీ. షోల్స్ జీవితంలో ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పనికి ఆయన్ని తలుచుకోవచ్చు.

తర్వాత ఆయన మిల్వాకీ నగరానికి మారాడు. పత్రిక సంపాదకత్వం, ఆపైన ఓడరేవులో సుంకాలు వసూలు చేసే ప్రభుత్వోద్యోగం. వయసు నలభై దాటింది, ఇంటినిండా పిల్లలు. మనిషి సన్నగా, బలహీనంగా ఉండేవాడు. గొంతెత్తి మాట్లాడే రకం కాదు. డబ్బు లెక్కలంటే ఆసక్తి లేదు. తీరిక దొరికితే చాలు, క్లైన్‌స్టూబర్ అనే ఆయన మెషిన్ షాపుకు పోయి ఏదో ఒకటి బిగిస్తూ విప్పుతూ కూర్చునేవాడు. మన కాలేజీలో వర్క్‌షాపు అయిపోయినా ఇంటికి పోని సీనియర్లు ఒకరిద్దరు ఉంటారు చూడండి, ఆ తరహా.

అక్కడ శామ్యూల్ సూలే అనే తోటి ప్రింటరుతో కలిసి పుస్తకాల పేజీలకూ టికెట్లకూ వరసగా నంబర్లు వేసే యంత్రం చేశాడు. 1866లో దానికి పేటెంటు వచ్చింది. అదే షాపులో కార్లోస్ గ్లిడెన్ అనే లాయరు నాగలి యంత్రం మీద కుస్తీ పడుతూ ఉండేవాడు. నంబర్లు కొట్టే యంత్రం అక్షరాలు ఎందుకు కొట్టకూడదు అన్న సందేహం ఆయనదే. 1867లో ఒక సైన్సు పత్రికలో, వేరొకరు చేసిన రాత యంత్రం గురించి చిన్న వార్త షోల్స్ కంటపడింది. అది మరీ చిక్కుగా ఉంది, ఇంతకంటే సులువుగా చెయ్యొచ్చు అనుకుని మొదలుపెట్టాడు. ముందు పాత టెలిగ్రాఫ్ మీట ఒకటి తీసుకుని, ఒకే ఒక్క అక్షరం కొట్టే నమూనా చేశాడు. ఆ ఒక్క అక్షరం డబ్ల్యూ. అది కాగితం మీద పడగానే మిగిలిన పాతికా ఎందుకు పడవు అన్న ధైర్యం వచ్చింది. మొదటి కీబోర్డు పియానోలా ఉండేది, తెలుపూ నలుపూ మీటలతో. 1868 జూన్ 23న ముగ్గురి పేరా పేటెంటు వచ్చింది.

అసలు బాధలు ఇక్కడే మొదలు. ఆ యంత్రంతో కొట్టిన ఉత్తరం ఒకటి జేమ్స్ డెన్స్‌మోర్ అనే వ్యాపారి చేతికి చేరింది. ఆయన యంత్రాన్ని కళ్లతో చూడకుండానే నాలుగో వంతు వాటా కొనేశాడు. తీరా వచ్చి చూసి ఇది ఎందుకూ పనికిరాదని తేల్చాడు. అయినా వదల్లేదు. మార్చు, మళ్లీ మార్చు అని షోల్స్ వెంటపడ్డాడు. సూలే తప్పుకున్నాడు, గ్లిడెన్ కూడా పక్కకు జరిగాడు. షోల్స్ ఒక్కడూ మిగిలాడు, వెనకాల డెన్స్‌మోర్.

డెన్స్‌మోర్ చేసిన తెలివైన పని ఏంటంటే, తయారైన యంత్రాలను రోజూ వాడేవాళ్ల చేతికిచ్చి చూడమన్నాడు. అందులో ముఖ్యుడు వాషింగ్టన్‌లో ఉండే జేమ్స్ క్లెఫేన్. కోర్టుల్లో షార్ట్‌హ్యాండ్ రాసే ఉద్యోగం. ఆయన చేతిలో పడ్డ యంత్రం బతికి బట్టకట్టేది కాదు. ఎడాపెడా కొట్టి, విరగ్గొట్టి, ఏది ఎక్కడ విరిగిందో, ఏ మీట ఎందుకు నచ్చలేదో నిర్దాక్షిణ్యంగా రాసి పంపేవాడు. షోల్స్ సరిచేసి ఇంకోటి పంపితే దాన్నీ విరగ్గొట్టేవాడు. ఒక దశలో షోల్స్ సహనం పోయింది, ఈ మనిషి గోల నాకొద్దన్నాడు. డెన్స్‌మోర్ మాత్రం, ఈ తప్పులు ఇప్పుడే తెలిస్తే మంచిది కదా అని నచ్చజెప్పాడు. అలా కొన్నేళ్లలో యాభై దాకా నమూనాలు తయారయ్యాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ అని మనం పెద్ద పేరు పెట్టి చదువుతున్నదాన్ని ఆ ముగ్గురూ తిట్టుకుంటూ, అలుగుతూ, మళ్లీ కలుస్తూ చేశారు. కీబోర్డు మీద చిరాకు మనతో మొదలవ్వలేదు. చెప్పాలంటే ఆ చిరాకులోంచే అది పుట్టింది.

పియానో మీటలు పోయి నాలుగు వరసల మీటలు వచ్చింది ఈ యాభై నమూనాల మధ్యలోనే. ఇంగ్లీషు కీబోర్డు పై వరసలో క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై అని ఉండే అమరికకు మూలం కూడా అప్పుడే పడింది. పక్కపక్క కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకోకుండా, టైపు చేసేవాళ్ల వేగం తగ్గించడానికే అలా పెట్టారని మనందరం విన్నాం. కానీ ఆ కథలో ఓ చిక్కుంది. ఇంగ్లీషులో మాటిమాటికీ జంటగా వచ్చే ఈ, ఆర్ అక్షరాలు అందులో పక్కపక్కనే ఉన్నాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు, తొలిరోజుల్లో ఆ యంత్రాలు వాడిన టెలిగ్రాఫ్ ఆపరేటర్ల సౌకర్యం వల్లే ఆ అమరిక మారుతూ వచ్చిందని వాదించారు. ఏది నిజమైనా ఒకటి స్పష్టం. అది ఒక్కరోజులో, ఒక్కరి బుర్రలో పుట్టింది కాదు. వాడినవాళ్ల గొణుగుడు అందులో బోలెడు కలిసింది.

1873 మార్చి 1న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఊళ్లో రెమింగ్టన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. అంతర్యుద్ధం అయిపోయాక తుపాకులకు గిరాకీ తగ్గి, కుట్టుమిషన్లు కూడా చేస్తున్న కంపెనీ అది. అందుకే 1874లో బజారుకొచ్చిన తొలి టైప్‌రైటర్ అచ్చం కుట్టుమిషన్‌లా ఉండేది. ఒంటినిండా పూల బొమ్మలు, కింద కాలితో తొక్కే పెడలు. వెల 125 డాలర్లు, ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. పైగా కొట్టిన అక్షరం కంటికి కనపడదు, కాగితం అడుగు నుంచి కొట్టుకునేది కాబట్టి కొన్ని వరసలు పైకొచ్చాకే ఏం రాశామో తెలిసేది. అన్నిటికంటే ముఖ్యంగా అది కొట్టేవి పెద్ద అక్షరాలే. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ప్రతి ఉత్తరమూ గ్రూపులో క్యాపిటల్స్‌లో అరిచినట్టు ఉండేది. దాంతో నాలుగేళ్లలో అమ్ముడైనవి సుమారు 5,000.

1878లో రెమింగ్టన్ రెండో నమూనా వచ్చింది. ఒకే కడ్డీ చివర పెద్ద అక్షరం, చిన్న అక్షరం రెండూ పెట్టారు. మీట నొక్కితే కాగితం ఉన్న భాగం మొత్తం కాస్త జరుగుతుంది, అప్పుడు రెండో అక్షరం తగులుతుంది. జరగడం కాబట్టి షిఫ్ట్. కంప్యూటర్లో ఇప్పుడు ఏదీ జరగడం లేదు, పేరు మాత్రం మిగిలింది. ఈ మార్పు షోల్స్ చేసింది కాదు, కంపెనీ దగ్గర చేరిన వేరేవాళ్లది. దీన్ని ఒప్పుకోనివాళ్లు పెద్ద అక్షరాలకో మీట, చిన్న అక్షరాలకో మీట పెట్టి, రెండింతల మీటలున్న యంత్రాలు కూడా అమ్మారు. చివరికి గెలిచింది షిఫ్ట్. మీటలు సగమయ్యాయి, యంత్రం చిన్నదైంది, ధర దిగింది. ఒక వేలితో షిఫ్ట్ పట్టుకుని ఇంకో వేలితో అక్షరం కొట్టడం లోకానికి అలవాటైపోయింది. ఆ సౌకర్యంలో ఒక షరతు నిశ్శబ్దంగా దూరిపోయింది. మనిషికి రెండు చేతులుండాలి, రెండూ ఒకేసారి మాట వినాలి.

షోల్స్‌కు ఈ పంటలో గింజలు పెద్దగా దక్కలేదు. తన హక్కులను ఆయన 12,000 డాలర్లకు వదులుకున్నాడని చెబుతారు. అమ్మిన ప్రతి యంత్రం మీదా వాటా అడిగిన డెన్స్‌మోర్ ధనవంతుడయ్యాడు. షోల్స్ దాని గురించి ఏడ్చినట్టు కనపడదు. ఆయన తృప్తి వేరే చోట ఉంది. కూతురు లిలియన్ ఆ తొలి యంత్రాల ముందు కూర్చుని టైపు చేస్తున్న ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత కొన్నేళ్లకే వేల మంది అమ్మాయిలు టైపిస్టులుగా ఆఫీసుల్లో అడుగుపెట్టి సొంత జీతం సంపాదించుకోవడం మొదలుపెట్టారు. కష్టపడి బతికే ఆడవాళ్లకు తన యంత్రం ఒక దారి చూపించిందన్న సంతోషం ఆయనకు చివరిదాకా ఉంది.

క్షయ ఆయన్ని ఏళ్లతరబడి పీల్చి పిప్పి చేసింది. అయినా మంచం మీంచే బొమ్మలు గీస్తూ, కొత్త నమూనాలు ఆలోచిస్తూ ఉండేవాడు. చివరి పేటెంటు దరఖాస్తులో ఆయన వేసిన కీబోర్డు అమరిక మనం వాడేది కాదు, పూర్తిగా వేరే. అంటే తన పేరు మీద ప్రపంచమంతా పాకిన అమరికే చివరి మాట అని ఆయనే అనుకోలేదు. ఆ పేటెంటు 1896లో మంజూరయ్యింది. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. 71వ పుట్టినరోజు వెళ్లిన మూడు రోజులకు, 1890 ఫిబ్రవరి 17న, మిల్వాకీలో షోల్స్ కన్నుమూశాడు.

ఆయన కథ ఇక్కడికి అయిపోయింది గానీ, నా డబ్బా కథ అవ్వలేదు. రాత యంత్రాలు అసలు ఎవరికోసం పుట్టాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. షోల్స్ కంటే చాలా ముందు, 1808 ప్రాంతంలో, ఇటలీలో పెల్లెగ్రినో తుర్రీ అనే ఆయన చూపు పోయిన తన స్నేహితురాలు కరోలినా ఫంటోని కోసం ఒక యంత్రం చేశాడు, ఆమె తన ఉత్తరాలు తానే రాసుకోవడానికి. ఆ ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. డెన్మార్క్‌లో బంతి ఆకారంలో రాత యంత్రం చేసిన మాలింగ్ హాన్సెన్ చెవిటి, మూగ పిల్లల బడికి పెద్ద. చూపు మందగించిన జర్మన్ తత్వవేత్త నీషే 1882లో ఆ బంతినే తెప్పించుకుని వాడాడు. కాబట్టి ఒంట్లో ఏదో ఒకటి సహకరించనివాళ్ల కోసం కీబోర్డులో ఏదో అదనంగా ఇరికించారు అనుకుంటే పొరపాటు. ఈ ఇంట్లో ముందు అడుగుపెట్టింది వాళ్లే. మనం తర్వాత వచ్చి, మనదే అనుకుని కూర్చున్నాం.

ఇప్పుడు మాడిసన్. షోల్స్ చట్టసభలో కూర్చున్న ఆ ఊళ్లోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉంది. అందులో ట్రేస్ సెంటర్ అనే పరిశోధన కేంద్రం వికలాంగులకు కంప్యూటర్లు పనికొచ్చేలా చేయడం మీద పనిచేసేది. 1980లలో అక్కడ రూపుదిద్దుకున్నవాటిలో స్టిక్కీ కీస్ ఒకటి. షిఫ్ట్ నొక్కి వదిలేయండి, అది మీ తరఫున పట్టుకుని ఉంటుంది. తీరిగ్గా అక్షరం కొట్టండి, పెద్ద అక్షరం పడుతుంది. కంట్రోల్, ఆల్ట్ మీటలకూ అంతే. ఒక్క చెయ్యి, ఒక్క వేలు, నోట్లో పట్టుకున్న ఒక పుల్ల ఉన్నా చాలు. 1995లో విండోస్ 95 వచ్చేసరికి ఇవి విడిగా కొనక్కర్లేకుండా సిస్టంలోనే కలిసిపోయాయి. షిఫ్ట్ మిల్వాకీలో మొదలైన యంత్రం మీద పుట్టింది. దానిలో దూరిన షరతును తీసేసింది ఓ నూట ఇరవై కిలోమీటర్ల అవతలి ఊరు. మధ్యలో గడిచింది వందేళ్లు.

మరి ఐదుసార్లు షిఫ్ట్ ఎందుకు? మౌస్ పట్టుకోలేనివాళ్లు సెట్టింగ్స్‌లోకి ఎలా వెళ్తారు? కాబట్టి తలుపు కీబోర్డు మీదే ఉండాలి. మామూలుగా ఎవరూ అనుకోకుండా నొక్కనిదీ, ఒక్క వేలితో నొక్కగలిగేదీ అయ్యుండాలి. వరసగా ఐదుసార్లు షిఫ్ట్ ఎవరు నొక్కుతారులే అనుకుని ఉంటారు. గేమ్స్ ఆడేవాళ్లూ, ళ వత్తు దగ్గర ఆగిపోయే తెలుగువాళ్లూ వాళ్ల లెక్కలో లేరు.

ఇక మర్నాటి సంగతి. మా జూనియర్ ఒకతను ఈ మధ్యే క్లబ్‌లో చేరాడు. చిన్నప్పటి నుంచీ అతని ఎడమ చెయ్యి సరిగా మాట వినదు. అచ్చుతప్పులు పట్టడంలో నాకంటే దిట్ట. సాయంత్రం నేను వెళ్లేసరికి కవితల పేజీ ముందు కూర్చుని ఉన్నాడు. క్యాప్స్ లాక్ నొక్కడం, ఒక అక్షరం కొట్టడం, మళ్లీ క్యాప్స్ లాక్ నొక్కడం. ప్రతి ట దగ్గరా, ప్రతి ణ దగ్గరా, ప్రతి ళ దగ్గరా. కోపం ఏమీ లేదు. రోజూ షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వచ్చేది ఇవాళ రావట్లేదన్నా, సిస్టం ఏమైనా పాడైందా అని మాత్రం అడిగాడు. గ్రూపులో నేను గొప్పగా పెట్టిన మెసేజ్ అతను చూసే ఉంటాడు. చూడనట్టే అడిగాడు. అది ఇంకా గుచ్చుకుంది.

అతని ముందే కూర్చుని టిక్కులన్నీ మళ్లీ పెట్టా. అప్పుడు తెలిసింది, సెట్టింగ్స్‌లో అవి రెండు వేర్వేరు స్విచ్చులని. స్టిక్కీ కీస్ ఒకటి, దాన్ని ఐదు నొక్కులతో పిలిచే సత్వరమార్గం ఇంకొకటి. మీ సొంత ల్యాప్‌టాప్‌లో డబ్బా విసిగిస్తుంటే ఆ రెండోదాన్ని మాత్రం తీసేసుకోండి, ఎవరికీ నష్టం లేదు. నలుగురు కూర్చునే ల్యాబ్‌లో, లైబ్రరీలో మాత్రం దాని జోలికి పోకండి. క్లెఫేన్ యంత్రాలు విరగ్గొడితే అవి బాగుపడ్డాయి. నేను విరగ్గొట్టింది పక్కవాడి దారి.

ఈ సంచికలో మీరు చదువుతున్న కవితల పేజీలన్నీ అతను టైపు చేసినవే. డబ్బా ఇప్పటికీ వస్తోంది, నేను ఇప్పటికీ వద్దంటున్నా, అతను వస్తే అవునంటున్నాడు. పెళ్లిలో ళ కింద ఏ వత్తు పెట్టాలన్నది మాత్రం మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.